అరవై పౌన్ల గాలి

1969 సెప్టెంబరులో నన్ను నారాయణగూడలో ఉన్న ఒక ప్రభుత్వ ఆరోగ్య విభాగపు వాహనాల షెడ్డుకు మెకానికల్ సూపర్‌వైజరుగా వేశారు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ అనవసరం. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. గుంటూరులో డిప్లొమా చదివి, రెండేళ్ళు జీపుల మరమ్మతు చూసినవాణ్ణి. వాహనాల షెడ్డు అన్నారు గానీ అక్కడున్న జీపులు రెండే. మిగిలినవన్నీ సైకిళ్ళు. టీకాలు వేసేవాళ్ళకు ముప్పై దాకా మగవాళ్ళ సైకిళ్ళు, ఇంటింటికీ తిరిగి బాలింతలను చూసే లేడీ హెల్త్ విజిటర్లకు ఎనిమిది ఆడవాళ్ళ సైకిళ్ళు. ఈ ఎనిమిదీ ప్రయోగం కింద ఇచ్చినవి. ఆడ ఉద్యోగులకు సైకిళ్ళేమిటని పై ఆఫీసులో కొందరికి మొదటినుంచీ ఇష్టం లేదు.

చేరిన నెలలోనే నేనొక స్టాండింగ్ ఆర్డరు రాశాను. స్టాండింగ్ ఆర్డరంటే మళ్ళీ మార్చేదాకా అందరూ పాటించవలసిన ఉత్తర్వు. మెత్తటి టైరుకు ముల్లు త్వరగా దిగుతుంది కాబట్టి ప్రతి సోమవారం ఉదయం అన్ని సైకిళ్ళకూ, రెండు చక్రాలకూ, అరవై పౌన్ల ఒత్తిడి వచ్చేదాకా గాలి కొట్టాలి. చదరపు అంగుళం మీద గాలి ఎన్ని పౌన్ల బరువుతో నెడుతుందో అదే ఆ అంకె. గడియారం లాంటి బిళ్ళ ఉన్న కాలిపంపు ఒకటి తెప్పించాను. పంక్చర్లు నిజంగానే తగ్గాయి. నా ఉత్తర్వు చూసి నేనే మురిసిపోయాను.

నవంబరులో ఒక ఉదయం రాజేశ్వరి గారు పడిపోయారు. ఆవిడ మా ఎనిమిదిమంది విజిటర్లలో సీనియరు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఇల్లు అశోక్ నగర్‌లో, డ్యూటీ చిక్కడపల్లి, బాగ్ లింగంపల్లి గల్లీల్లో. నారాయణగూడ చౌరస్తా దగ్గర మలుపు తిరుగుతుంటే ముందు టైరు రిమ్ము వదిలి బయటికొచ్చింది, ట్యూబు పేలింది, ఆవిడ కుడి భుజం మీద పడ్డారు. మెడ కింది కంటె ఎముక విరిగింది. వెనక వస్తున్న బస్సు డ్రైవరు బ్రేకు వేయబట్టి బతికారు.

నియమం ప్రకారం ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లో సూపర్‌వైజరు లోప నివేదిక ఇవ్వాలి. మా మెడికల్ ఆఫీసరు అంతకుముందే ఫైలు మీద ఒక వాక్యం రాశారు: అజాగ్రత్తగా నడపడం వల్ల జరిగిన ప్రమాదం. అది అలాగే ఉండిపోతే ఆవిడ సర్వీసు రిజిస్టరులోకి ఎక్కుతుంది, ఫీల్డు డ్యూటీ పోతుంది. ఎనిమిది సైకిళ్ళూ వెనక్కి తీసుకోవడానికి పై ఆఫీసుకు కారణం దొరుకుతుంది. నేను షెడ్డులో టైరు చూశాను. కొత్తది, చిరుగు లేదు. గాలి రిజిస్టరు చూశాను. సోమవారం అరవై పౌన్లు, కింద నా సంతకం. ఆఫీసరు మాటే నిజమనిపించింది. ఆవిడ వాంగ్మూలం ఒక్కటి తీసుకుంటే ఫైలు ముగుస్తుందని అశోక్ నగర్ వెళ్ళాను.

చెయ్యి మెడకు కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు రాజేశ్వరి గారు. వాళ్ళత్తగారు నాకు చాయ్ తెచ్చిచ్చారు. జోరుగా తిప్పారా అని అడిగాను.

"సారు, నేను జోరుగ పోలే. పదిహేను దినాల సంది చెప్తనే ఉన్న. మలుపు తిరిగినప్పుడల్ల ముందు చక్రం పక్కకు ఊగుతున్నదని. మీ స్టోరాయనకు చెప్తే ఇంకింత గాలి కొట్టి పంపిండు. గాలి కొట్టినంక గట్టిగైంది గని నాకైతె భయమే అయింది."

ఆ ఫిర్యాదు ఏ రిజిస్టరులోనూ లేదు. నేను రాసుకోవడం ఆపి చూస్తుంటే ఆవిడే మళ్ళీ అన్నారు: "నా మాట నమ్మకుంటె చిక్కడపల్లిల బాలకిషన్ దగ్గరికి సైకిలు కొంటబోండ్రి. ముప్పై ఏండ్ల సంది సైకిళ్ళు కిరాయికిస్తుండు. ఆయనకు తెల్వంది ఉండదు."

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ సంవత్సరం నగరం ఎలా ఉందో తెలిసినవాళ్ళకు తెలుసు. నాలాంటి కోస్తా ఉద్యోగి నోరు తెరిస్తే చాలు, యాసను బట్టి ఎదుటివాడి ముఖం మారేది. అయినా మర్నాడు ఉదయం రాజేశ్వరి గారి సైకిలూ, అలాంటిదే ఇంకొకటీ తోపుడుబండి మీద వేయించుకుని వెళ్ళాను. చిక్కడపల్లి గ్రంథాలయం పక్క గల్లీలో రెండు తలుపుల దుకాణం. బయట నల్లరాతి బండ, నీళ్ళ తొట్టి, వరసగా అద్దె సైకిళ్ళు. బాలకిషన్‌కు యాభై అయిదేళ్ళుంటాయి. పొట్టి మనిషి, చేతివేళ్ళు మాత్రం పెద్దవి. నేను ఎవరినో, ఎందుకొచ్చానో చెప్పాను. ఆయన నా ముఖంకేసి చూడలేదు. ప్రమాదం జరగని రెండో సైకిలును తలకిందులుగా నిలబెట్టి, ముందు చక్రాన్ని మెల్లగా తిప్పుతూ కూర్చున్నాడు. ఒక్క చుట్టు పూర్తయ్యాక అన్నాడు:

"ఇది గూడ ఊడుతది సారూ. ఇయ్యాల గాకుంటె రేపు."

ఎలా తెలిసిందని అడిగితే టైరు అంచున సన్నగా ఉబ్బివున్న గీత చూపించాడు. ప్రతి టైరుకూ అచ్చులోనే ఆ గీత వస్తుంది. దాన్ని నేను వందసార్లు చూసివుంటాను, అలంకారమనుకున్నాను. టైరు సరిగ్గా కూర్చుంటే ఆ గీత రిమ్ముకు చుట్టూ ఒకే దూరంలో నడవాలట. మా చక్రంలో అది ఒకచోట జొన్నగింజ ఎత్తు పైకి లేచివుంది. అక్కడ అంచు రిమ్ములోంచి బయటికి రావడానికి సిద్ధంగా ఉందన్నమాట.

తర్వాత టైరు విప్పి, అంగుళం గీతలు పెట్టుకున్న ఇత్తడి పట్టీ ఒకటి తీసి రిమ్ము లోపలి వెడల్పు కొలిచాడు. టైరు వెడల్పు కొలిచాడు. టైరు రిమ్ముకు రెండింతలకన్నా ఎక్కువుంది. "రిమ్ము ఒకటుంటె టైరు ఒకటిన్నర ఉండాలె. రెండు దాటొద్దు. ఇది సన్న రిమ్ము. దీనిమీద లావు టైరు కూసుంటే పీట మీద బస్తా పెట్టినట్టే. గాలి తక్కువుంటె మలుపుల ఊగుతది, ఎక్కువ కొడితె బస్తా ఉబ్బి పీట మీదికెంచి దొర్లుతది."

సైకిళ్ళు వచ్చినప్పటి టైర్లు అరిగాక, ఇరవై ఆరు అంగుళాల టైర్లు కావాలని మాత్రమే మా స్టోరు ఇండెంటు రాసింది. వెడల్పు రాయలేదు. చుట్టుకొలత సరిపోయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. దాని మీద నా అరవై పౌన్లు. లావు గొట్టంలోనూ సన్న గొట్టంలోనూ ఒకే ఒత్తిడి నింపితే లావు గొట్టపు గోడ మీదే లాగుడు ఎక్కువ. ఇది నేను డిప్లొమాలో బాయిలర్ల పాఠం కింద చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్న సూత్రమే. టైరు కూడా ఒక గొట్టమేనని అప్పటిదాకా నాకు తట్టలేదు.

"మరి ఏ టైరుకు ఎంత గాలి కొట్టాలో మీకెలా తెలుస్తుందండీ? మీ దగ్గర బిళ్ళ పంపు లేదుగా" అన్నాను.

ఆయన మొదటిసారి నవ్వాడు. దుకాణంలో ఉన్న మనిషినొకణ్ణి, రాజేశ్వరి గారంత బరువున్నవాణ్ణి, సరైన టైర్లున్న అద్దె సైకిలు మీద కూర్చోబెట్టాడు. తడిగుడ్డతో ముందు టైరు అడుగు తుడిచి, బండి నడిపించి పొడి నల్లరాతి మీద నిలిపి, వెంటనే ఎత్తేశాడు. రాతి మీద చింతగింజను సాగదీసినట్టు ఒక తడి ముద్ర పడింది. దాని పొడవు మీద తన వేళ్ళు ఆనించాడు. మూడు వేళ్ళు పట్టింది.

"ముందుకు మూడు, ఎనుకకు నాలుగు. పొట్టిగ పడితె గాలి ఎక్కువున్నట్టు, పొడుగు పడితె తక్కువున్నట్టు. మనిషి లావైతె ఇంకింత కొట్టాలె. గంతే."

నేను ఆ రాతి ముందు గొంతుక్కూర్చుండిపోయాను. బరువును వైశాల్యంతో భాగిస్తే ఒత్తిడి. ఆ సమీకరణం తడిగా, అంచులతో సహా, నా కళ్ళముందు ఆరిపోతోంది. మళ్ళీ ఒక ముద్ర వేయించి, నా సంచీలోని గళ్ళ కాగితం దాని మీద అద్ది గళ్ళు లెక్కపెట్టాను. ముందు చక్రం మీద పడే బరువును అంచనా వేసి భాగించాను. నలభై నాలుగు పౌన్లు వచ్చింది. నా పంపు తగిలించి నెమ్మదిగా తొక్కితే, గాలి లోపలికి పోవడం మొదలయ్యేటప్పుడు ముల్లు నలభై ఆరు దగ్గర ఉంది. రెండు పౌన్ల తేడా ఎందుకొచ్చిందా అని కాగితం మళ్ళీ చూస్తుంటే బాలకిషన్ అన్నాడు: "మీ పంపు ఉన్నది చెప్పది సారూ. వాల్వు రబ్బరు దారిల కొంచెం తింటది."

అప్పటికీ నాలోని ఉద్యోగి ఊరుకోలేదు. ఆయన్ను లోపలికి వెళ్ళమని, ఒకే రకం టైరున్న ఆరు సైకిళ్ళకు వేరువేరుగా గాలి నింపాను. వాటిలో ఒక రెండింటి మధ్య మాత్రం మూడు పౌన్లే తేడా ఉంచాను. ఆయన వచ్చి ఒక్కోటీ బొటనవేళ్ళతో నొక్కాడు, జానెడెత్తు ఎత్తి బండ మీద వదిలి చప్పుడు విన్నాడు, తక్కువ నుంచి ఎక్కువకు వరసగా నిలబెట్టాడు. ఆ రెండింటి దగ్గర ఆగాడు. మళ్ళీ ఎత్తి వదిలాడు, వాటి చోట్లు మార్చాడు. ఆరూ సరిగ్గా ఉన్నాయి. యంత్రాల మధ్య నేను అప్పటికి చదువుతో కలిపి అయిదేళ్ళకు పైగా గడిపాను. మనిషి చెవి అంత నిక్కచ్చిగా పనిచేయగలదని ఎవరైనా చెప్పివుంటే నమ్మివుండేవాణ్ణి కాదు.

షెడ్డుకు తిరిగివచ్చి మిగిలిన ఆడవాళ్ళ సైకిళ్ళను తలకిందులు చేసి గీతలు చూశాను. ఏడింటిలో నాలుగింటికి గీత లేచివుంది. అదే రోజు ఏడింటినీ డ్యూటీలోంచి ఆపించాను. నివేదిక రాయడానికి మూడు రోజులు పట్టింది. నిజం చెప్పాలంటే రాయడానికి ఒక్కరోజే, మిగతా రెండు రోజులూ ధైర్యం కూడగట్టుకోవడానికి. ప్రమాదానికి కారణాలు రెండని రాశాను. ఒకటి, రిమ్ముకు తగని వెడల్పు టైరు. రెండు, టైరు వెడల్పూ, మోసే బరువూ చూడకుండా నేను జారీచేసిన ఉత్తర్వు. నడిపిన మనిషి తప్పేమీ లేదు, పైగా ఆవిడ రెండు వారాల ముందే హెచ్చరించారు. నిపుణుడి అభిప్రాయం అనే గడిలో ఇంజనీరు పేరు ఉండాలి. "బాలకిషన్, సైకిల్ మెకానిక్, చిక్కడపల్లి" అని రాశాను.

మెడికల్ ఆఫీసరు నన్ను పిలిచి చాలాసేపు నిలబెట్టారు. ఆ గడి చూపించి, ఇది ఆఫీసా, సంతా అని అడిగారు. పేరు కొట్టేయమన్నారు. అందులోని అభిప్రాయం బాలకిషన్‌ది, నాది కాదు, నాదని రాస్తే అబద్ధమవుతుందని చెప్పాను. ఫైలు పైకి వెళ్ళింది. పై ఆఫీసు నుంచి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరొకాయన స్వయంగా వచ్చారు. మితభాషి. చిక్కడపల్లి తీసుకెళ్ళమన్నారు. ఆరు సైకిళ్ళ పరీక్ష ఆయన మళ్ళీ పెట్టారు, ఈసారి గాలి తనే కొట్టారు. బాలకిషన్ వరస కట్టడం పూర్తయ్యాక ఇంజనీరు గారు తన చీటీతో పోల్చి చూసుకున్నారు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, "మీ రాతి మీద ఆ ముద్ర నాక్కూడా చూపిస్తారా?" అని అడిగారు. బాలకిషన్ తడిగుడ్డ అందుకున్నాడు.

జనవరిలో ఉత్తర్వులు వచ్చాయి. రాజేశ్వరి గారి మీద రాసిన వాక్యం కొట్టివేశారు. లావు టైర్లు మగవాళ్ళ సైకిళ్ళతో సహా దేనికీ సరిపోవని తేలి వెనక్కిచ్చేశాం. ఆడవాళ్ళ సైకిళ్ళకు రిమ్ము వెడల్పు రాసి తెప్పించిన సన్న టైర్లు వేశాం. నాకు లిఖితపూర్వకమైన మందలింపు వచ్చింది. అది నా రిజిస్టరులో పదవీ విరమణ దాకా ఉంది, మొదటి ప్రమోషను ఏడాది ఆలస్యమైంది. ఎముక అతుక్కున్నాక రాజేశ్వరి గారు షెడ్డుకొచ్చి సైకిలు తీసుకున్నారు. ఎక్కే ముందు దాన్ని ఎత్తి ముందు చక్రం ఒక చుట్టు తిప్పి, గీత చూసుకున్నారు. తక్కిన ఏడుగురూ ఆవిడ దగ్గరే అది నేర్చుకున్నారు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో లారీల నుంచి క్రేన్ల దాకా చాలా చక్రాలు నా చేతి కిందికి వచ్చాయి. ఒత్తిడి అంకె రాయవలసి వచ్చిన ప్రతిసారీ రిమ్ము వెడల్పు, టైరు వెడల్పు, మోసే బరువు అని మూడు గడులు గీసి, అవి నిండాకే నాలుగో గడిలో అంకె వేశాను. నడిపేవాళ్ళు చెప్పిన ఫిర్యాదును వాళ్ళ మాటల్లోనే రిజిస్టరులో రాయించాను. ఆ ఉదంతం నేర్పినది ఇంతే.