మిస్టర్ ఎర్మెతె క్రిస్మస్ దాటిన ఏడాది

మా పోర్తో సెరెనో పొగమంచు గురించి చెబితే బయటివాళ్ళు నమ్మరు. మా మామ ఒక డిసెంబరులో సైకిలు దిగి, దాన్ని మంచుకే ఆనించి కాఫీకి వెళ్ళాడు. ఎండ వచ్చేదాకా అది పడలేదు. నేను ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణే, కాదనను. కానీ ఇరవై రెండేళ్ళు మా జట్టు జెర్సీలు ఉతికాను. మైదానం పక్క బెంచీ మీద కూర్చుని నేను చూసినంత ఫుట్‌బాల్ రోము పత్రికలవాళ్ళందరూ కలిసి కూడా చూసి ఉండరు. కాబట్టి ఎర్మెతె జన్ఫోర్లిన్ కథ చెప్పే హక్కు నాదే.

ఎర్మెతె పో నది పాయల్లో మలుగు చేపలు పట్టే ఇంట్లో పుట్టాడు. మోకాలు విరిగేదాకా ఆడాడు, విరిగాక కోచ్ అయ్యాడు. పంతొమ్మిదేళ్ళలో పదకొండు ఊళ్ళ జట్లు. పదకొండు చోట్లా క్రిస్మస్‌కు ముందే సాగనంపారు. మా దేశంలో కోచ్ నిలిచాడా లేదా అనడానికి కొలత ఒకటే: జట్టు క్రిస్మస్ విందులో పానెత్తోనే అనే తీపి రొట్టె కోసేటప్పుడు ఆ బల్ల దగ్గర ఉన్నాడా? ఎర్మెతె ఏనాడూ లేడు. తీసేసిన కోచ్‌ను ఒప్పందం తెంచకుండా ఇంట్లో కూర్చోబెట్టడం, కొత్తవాడు ఇంకా ఘోరంగా ఓడితే పాతవాణ్ణే వెనక్కి పిలవడం ఇక్కడ మామూలే. అలా రెండుసార్లు మార్చిలో పిలిచారు. రెండుసార్లూ జట్టును గట్టెక్కించాడు. జూన్‌లో మళ్ళీ పంపేశారు.

"మా ఆయన పండక్కి ఇంట్లో లేని ఏడాది లేదు," అనేది వాళ్ళావిడ ఇర్మా. అంటూ నవ్వేది కాదు.

తొంభై మూడులో సొంత ఊరి జట్టుకు వచ్చాడు. అప్పటికి యాభై ఆరేళ్ళు. ఇక్కడా పోతే ఇక ఎవరూ పిలవరని ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. మా ప్రెసిడెంట్ ఒద్దోనె బర్బుజ్జి మిలాను నుంచి వచ్చిన బాత్రూము పలకల వ్యాపారి. కోచ్ కుడి అంటే ఎడమ అనకపోతే ఆయనకు అన్నం అరగదు. క్రిస్మస్‌కు ముందు చివరి ఆదివారం, ఆటగాళ్ళు బట్టలు మార్చుకుంటుంటే అందరి ముందూ అన్నాడు.

"ఇవాళ ఓడితే, మిస్టర్, సాయంత్రానికి పెట్టె సర్దుకోండి."

మా దగ్గర కోచ్‌ను మిస్టర్ అనే పిలుస్తారు, తిట్టేటప్పుడు కూడా.

రెండున్నరకు ఆట మొదలైంది. పదకొండో నిమిషంలోనే ఒక గోల్ తిన్నాం. రెండో సగంలో మాత్రం మావాళ్ళు రెండు నెలలుగా ఆడనట్టు ఆడారు. బంతి అవతలి గోల్ ముందు నుంచి కదలడం లేదు. సరిగ్గా అప్పుడే నది వైపు నుంచి మంచు లేచింది. డెబ్బయ్యో నిమిషంలో రిఫరీ ఆట ఆపి, మైదానం మధ్యలో నిలబడి అటూ ఇటూ చూశాడు. రెండు గోల్‌పోస్టులూ కనిపించాలి. లేకపోతే ఆట రద్దు, పడిన గోల్ రద్దు, జనవరిలో మళ్ళీ సున్నా నుంచి ఆడాలి.

"కనిపించకూడదని మొక్కుకోండి మిస్టర్," అన్నాను మెల్లగా.

"నోర్ముయ్ తుల్లియో. మనవాళ్ళు ఎలా ఆడుతున్నారో చూడు."

రిఫరీ చాలాసేపు చూశాడు. చివరికి ఆడమని చెయ్యి ఊపాడు.

పది నిమిషాలు మిగిలాయి. బర్బుజ్జి మెట్లు దిగివచ్చి బెంచీ వెనక కటకటాల మీద వాలాడు.

"గుడ్డివాళ్ళ ఆటలా ఉందయ్యా ఇది. లైట్లు వేయిస్తున్నా."

మా లైట్లంటే సాధన కోసం పొట్టి స్తంభాల మీద పెట్టిన పాత దీపాలు. మంచులోకి పెద్ద లైటు వేస్తే ఎదురుగా తెల్లగోడ లేస్తుందని మా ఊళ్ళో సైకిలు తొక్కే ముసలమ్మకు కూడా తెలుసు. గోల్‌పోస్టులు మాయమవుతాయి, ఆట రద్దవుతుంది, ఎర్మెతె ఉద్యోగం నిలుస్తుంది. ఆయన ఊరికే ఉంటే చాలు. నేను బెంచీ కింద ఆయన కాలు తొక్కాను, గట్టిగానే.

ఆయన కాలు లాక్కుని వెనక్కి తిరిగాడు. "వద్దు ప్రెసిడెంట్ గారూ. లైట్లేస్తే ఏమీ కనపడదు, ఆట ఆపేస్తారు. వదిలేయండి, గోల్ కొడతారు మనవాళ్ళు."

"మీరు వద్దన్నారంటే వెయ్యాల్సిందే. నా కర్మాగారంలో ఎన్ని దీపాలున్నాయో తెలుసా మీకు?"

"తెలీదు. మంచు సంగతి తెలుసు."

బర్బుజ్జి మీటల గది వైపు చెయ్యి ఊపాడు.

అదే క్షణంలో మా ఫార్వర్డ్ కుర్రాడు ఇవానోకు బంతి అందింది. ఎర్మెతె లేచి నిలబడ్డాడు. దీపాలు వెలిగాయి. మైదానమంతా గిన్నెలో పాలు పొంగినట్టు తెల్లబడింది. నా చేతి వేళ్ళే నాకు కనపడలేదంటే, ఈసారి కోతలు కొయ్యడం లేదు. ఎక్కడినుంచో ఈల, ఒకటి, రెండు, మూడు. రిఫరీ చేతులు ముందుకు చాచి తడుముకుంటూ వచ్చాడు. ఆట రద్దు.

"ఓడలేదుగా ప్రెసిడెంట్ గారూ," అని పైనుంచి ఎవడో అరిచాడు. "మీ దీపాలు భేషుగ్గా ఉన్నాయి."

బర్బుజ్జి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఓడని ఆటకు కోచ్‌ను ఎలా పంపిస్తాడు?

బర్బుజ్జి ఎదురు చేస్తాడని తెలిసే ఎర్మెతె వద్దన్నాడని బారులో సగంమంది ఇప్పటికీ పందెం కాస్తారు. నేను ఆ సాయంత్రమే అడిగాను.

"నాకొక్కడికే చెప్పండి మిస్టర్. ఎత్తు వేశారు కదూ?"

ఆయన బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. ఉద్యోగం దక్కినవాడి ముఖం కాదది.

"ఇవానో గోల్‌కీపర్‌ను దాటేశాడు తుల్లియో. ముందంతా ఖాళీ. నేను చూశాను."

తర్వాత లేచి, మూల తల దించుకుని కూర్చున్న ఇవానో పక్కన కూర్చుని, అది గోలే అని వాడికి చెప్పాడు.