పెద్దమ్మ సమాధి మీద కొవ్వొత్తికి ఎన్ని వచనాలు కావాలి?

మా మరియరత్నం పెద్దమ్మ ఈ వేసవిలో పోయింది. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది: సమాధుల పండక్కి వచ్చి తన దగ్గర కొవ్వొత్తి వెలిగించి, తన ఆత్మ కోసం జపమాల చెప్పమని. నవంబరు రెండున చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించడం మా కతోలిక ఇళ్లలో తరతరాల ఆనవాయితీ. అయితే పెద్దమ్మ కొడుకు యోహాను అన్నయ్య చాలా ఏళ్ల కిందటే వేరే సంఘంలో చేరి, ఊళ్లోనే ప్రార్థన మందిరం పెట్టి పాస్టరయ్యాడు. అతని దృష్టిలో ఇవన్నీ బైబిల్లో లేని పనులు. వారం ముందు ఫోన్ చేసి, పూలు తెచ్చుకోవచ్చు గానీ కొవ్వొత్తులు వద్దన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్దామా వద్దా అని ఊగుతున్నదాన్ని ఆ క్షణమే ఖాయం చేసుకున్నాను.

గుంటూరు బస్టాండులో ఉదయం ఆరింటికి అద్దంకి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి టికెట్ డబ్బులు అక్కర్లేదు. చిలకలూరిపేట మీదుగా రెండు గంటల పైనే పట్టింది. పేట దాటాక పత్తి చేలల్లో ఆడవాళ్లు నడుముకి గుడ్డసంచులు కట్టుకుని అప్పటికే పత్తి తీస్తున్నారు. మిరప మొక్కలు ఇంకా మోకాలెత్తు కూడా లేవు. అద్దంకిలో దిగి నలభై రూపాయలకి ఇడ్లీ తిని, యాభై రూపాయల బంతిపూలు కొని, పెద్దమ్మ ఊరికి షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ముప్ఫై. నా సంచిలో కొవ్వొత్తులు చూసి ఆటో నడిపే వెంకటేశ్వర్లు ఎక్కడికని అడిగాడు. అంతే, కడుపులో ఉన్నదంతా అతని ముందు కక్కేశాను.

"మేమూ పెద్దల అమావాస్యకి మా నాయనకి పెట్టుకుంటామండి. ఏ పుస్తకంలో ఉందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు" అన్నాడు.

అడిగితే ఏం చెప్తావన్నాను.

"మా నాయనకి గారెలంటే ఇష్టమని చెప్తానండి."

తొమ్మిదిన్నరకి సమాధుల దొడ్డికి చేరాను. చుట్టూ సమాధులన్నీ సున్నం వేసి, పూలతో, కొవ్వొత్తులతో కళకళలాడుతున్నాయి. పెద్దమ్మది మాత్రం నున్నటి నల్ల గ్రానైటు పలక, దానిమీద పేరు, అంతే. పక్కనే చంకలో బైబిలుతో అన్నయ్య, వెనక సువార్త వదిన నిలబడి ఉన్నారు. అన్నయ్య చెడ్డవాడు కాదు. నా కోసం మంచినీళ్లు కూడా తెచ్చాడు. ఆ వెంటనే అడ్డం నిలబడ్డాడు.

"చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించమని వాక్యంలో ఎక్కడుందో చూపించు చెల్లీ. చూపిస్తే అగ్గిపుల్ల నేనే గీస్తాను."

మక్కబీయుల రెండో గ్రంథంలో ఉందన్నాను. అది దేవుడి వాక్యం కాదనీ, తన బైబిల్లో ఆ పుస్తకమే లేదనీ అన్నాడు. ఏం న్యాయమండీ ఇది? చూపించమంటాడు, చూపిస్తే ఆ పుస్తకమే చెల్లదంటాడు. అతని బైబిల్లో అరవై ఆరు పుస్తకాలు, మాదాంట్లో డెబ్బై మూడు. ఆ ఏడింటి తగువు తేల్చుకోవడానికి పెద్దమ్మ సమాధే దొరికిందా? పెద్దమ్మే అడిగిందన్నా వినకుండా, అమ్మ ఆఖరి రోజుల్లో సత్యం తెలుసుకుని జపమాల పక్కన పెట్టేసిందన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చేతులు వణికి పట్టుకోలేక పెట్టింది మహాతల్లి.

పెద్దమ్మకి చదువు రాదు. చిన్నప్పుడు రోజూ సాయంత్రం అన్నయ్యే పక్కన కూర్చుని మా డెబ్బై మూడు పుస్తకాల బైబిలు చదివి వినిపించేవాడు.

"ఆ మక్కబీయుల పుస్తకం పెద్దమ్మకి చదివి వినిపించింది ఎవరన్నయ్యా?" అన్నాను.

అప్పుడు తనకి సత్యం తెలియదన్నాడు, నేలకేసి చూస్తూ. వదిన ముందుకొచ్చింది.

"మీ అన్నయ్య రోజూ పొద్దున్నే ఇక్కడికొచ్చి అరగంట సేపు అత్తయ్యతో మాట్లాడి వెళ్తాడమ్మా. చనిపోయినావిడతో మాట్లాడమని ఏ వచనంలో ఉందో అడుగు."

అన్నయ్య గేటు దాకా వెళ్లి మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. కొవ్వొత్తి రెండుసార్లు గాలికి ఆరింది. మూడోసారి వదిన చెయ్యి అడ్డం పెట్టింది. నేను జపమాల పూర్తి చేసేదాకా ఆమె పెదవి కదపలేదు, చెయ్యీ తియ్యలేదు. తర్వాత అన్నయ్యే బండి మీద అద్దంకిలో దింపాడు. 

నా కోపం ఇంకా తగ్గలేదు. అది మావాళ్ల మీద కూడా ఉంది. ఇందాక చెప్పలేదు, సిగ్గేసి. ఆ ఉదయం సమాధులన్నీ దీవిస్తూ వచ్చిన మా ఫాదర్‌గారు పెద్దమ్మ సమాధిని దాటి వెళ్లిపోయారట. ఆమెని పాతిపెట్టింది పాస్టరు కదా అన్నారట. వీళ్లూ వాళ్లూ ఎవరి పక్షం వాళ్లు చూసుకున్నారు గానీ, ముసలావిడ ఏం కోరుకుందో ఒక్కరికీ పట్టలేదు.

ఇలాంటి ప్రయాణం మీకూ ఉంటే పొద్దున్నే వెళ్లండి, గాలి తక్కువ. ఇంట్లో రెండు సంఘాలవాళ్లుంటే మాత్రం, పెద్దవాళ్లకి ఏ ప్రార్థన కావాలో వాళ్లు బతికుండగానే కాగితం మీద రాయించి, అందరి ముందూ చదివించండి. మా పెద్దమ్మ తన కోరిక నా ఒక్కదాని చెవిలోనే చెప్పింది, కన్నకొడుక్కి చెప్పడానికి భయపడి.