ఎదెల్మీరా నొప్పి

ఎదెల్మీరాకు ఛాతీ నొప్పి మొదలై ఏళ్ళు గడిచినా ఆ ఇంట్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చిలీ దేశపు రేవు పట్టణం వల్పరైసోలో, కొండ మీది ఇంటికి మెట్లెక్కుతూ ఆమె గోడ పట్టుకుని ఆగితే, మొగుడు నిబాల్దో పైనుంచి కేకేసేవాడు.

"మళ్ళీ మొదలెట్టావా ముసలీ! పిండి పిసకమంటే గుండె నొప్పి, పక్కింటావిడతో కబుర్లకి మాత్రం ఏ నొప్పీ ఉండదు!"

అతనితో డామినో బిళ్ళలాడే ముసలాళ్ళు పగలబడి నవ్వేవారు. "నీ నోరు పడిపోను!" అని తిట్టి, ఆయాసం తగ్గాక ఆమె చేపల కజ్జికాయలు వేయించడానికి పోయేది.

డాక్టర్లూ నరాల బలహీనతన్నారు, నిద్రమాత్రలిచ్చారు. చివరికి పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ, గుండె రక్తనాళం ఒకటి సగం సన్నబడిందని కనిపెట్టింది. సన్నబడినంత మాత్రాన నొప్పి దానివల్లేనని చెప్పలేం, రక్తం ఎంత పారుతోందో కొలవాలంది. మణికట్టులోంచి వెంట్రుకలాంటి తీగను ఆ ఇరుకు దాటించి, రక్తం జోరుగా పారేందుకు మందు ఎక్కించారు. ఎదెల్మీరాకు ఛాతీ మీద బండ పెట్టినట్టయింది.

"ఇదే! ఇదేనమ్మా ఆ నొప్పి!"

"తెలుస్తోందండీ. ఇక్కడ తెరమీద కనబడుతోంది," అంది డాక్టరమ్మ.

ఆ మాటకు ఎదెల్మీరా వెక్కివెక్కి ఏడ్చింది.

ఇరుకు దగ్గర రక్తానికి పెద్ద అడ్డేమీ లేదు. దాని కింది సన్నసన్న నాళాలే విచ్చుకోవడం లేదు. "అక్కడ స్టెంటు పెట్టలేం. మాత్రలతో తగ్గొచ్చు, పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను," అంది డాక్టరమ్మ.

అయినా ఎదెల్మీరా గెలిచినదానిలా ఇంటికొచ్చింది. "విన్నావా ముసలోడా, నాది నాటకం కాదట!"

నిబాల్దో కుర్చీలో కూలబడ్డాడు. "అయితే ఇన్నాళ్ళూ నిజంగానే నొప్పా?"

"మరి?"

ఆ రోజు నుంచి అతని వేళాకోళం ఆగిపోయింది. మూకుడు ఆమె చేతికివ్వలేదు. మిత్రుల్ని గుమ్మంలోంచే పంపేశాడు. రేడియో గొంతు తగ్గించాడు, పక్క వేరుగా వేసుకున్నాడు. సెప్టెంబరులో దేశపు స్వాతంత్ర్య పండగకు వీధిలో గిటార్లు మోగాయి.

"రావయ్యా, ఒక్క పాటకి ఆడదాం."

"వద్దులే. నీకేమన్నా అయితే?"

"డాక్టరమ్మ కదులుతూ ఉండమంది."

"ఆవిడకేం, చెప్పి ఇంటికి పోతుంది."

కిటికీ మూసి, ఆమె కాళ్ళ మీద శాలువా కప్పాడు.

మాత్రలు వేసుకుంటున్నా నొప్పి అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. ఆమె చెప్పడం మానేసింది. చలికాలం ఒక పొద్దున మెట్ల మధ్య ఊపిరాడక ఆగి, సముద్రం వైపు తిరిగింది.

"ఏమైందే?" ముందు నడుస్తున్న నిబాల్దో వెనక్కి తిరిగాడు.

"ఏం కాలేదు. ఓడలు చూస్తున్నా."

రేవంతా మంచు కమ్మి ఉంది. అతను నమ్మాడో లేదో, ఆమె చేతిలో సంచి తీసుకుని మెల్లగా ముందు నడిచాడు.