కాక పొడుగు చేతుల చొక్కా

మొన్న పొద్దున పెద్దపల్లి బస్సులో ఉండగా అమ్మ ఫోన్ చేసి, "మీ కాక పోయిండు బిడ్డా" అని ఏడ్చింది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. బాపు పోయాడు, ఇప్పుడు ఈయనా పోయాడు, సమానమైంది అనిపించింది. ఆ మాట నా మనసులోంచే వచ్చినందుకు సిగ్గుతో తల కిటికీ వైపు తిప్పుకున్నాను.

కాకతో మాకు రక్తసంబంధం లేదు. గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ ఆయనది. బాపు, ఆయన ఒకే గనిలో ఒకే షిఫ్టు. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద బడికి దింపింది ఎక్కువగా ఆయనే. గేటు దగ్గర వీపు తట్టి, "ఫికర్ జెయ్యకు, నడువు" అనేవాడు. పరీక్షకైనా, నా పెళ్లినాడైనా అదే మాట.

రిటైరయ్యాక ఇద్దరికీ ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. హైదరాబాద్ దవాఖానలో ఇద్దరికీ ఒకే సూది. ఒంట్లోని రోగనిరోధక శక్తిని లేపి గడ్డ మీదికి పంపే మందన్నారు. ఒకే రైల్లో పోయి వచ్చేవారు. కొన్నాళ్లకు కాకకు ఒళ్లంతా ఎర్రటి దద్దులు, ఆగని దురద. బాపు ఒంటి మీద చిన్న పొక్కు కూడా లేదు.

గనిలో దుంగ కిర్రుమంటే పైకప్పు దిగుతున్నట్టు. చప్పుడు లేకుంటే క్షేమం. బాపు బతుకంతా ఆ చప్పుడు కోసం చెవి పెట్టే గడిచింది.

"నా ఒంట్ల చప్పుడే లేదు. మందు మంచిగ పడ్డది. వానికే పడలే, పాపం" అన్నాడు.

మేమూ నమ్మాం. అమ్మ వేపాకు నీళ్లు కాచి కాకకు పంపింది. మేం జాలిపడ్డ మాట నిజమే కానీ, ఆ జాలి వెనక కాస్త సంతోషం కూడా ఉంది.

స్కానింగ్‌లో కాక గడ్డ బాగా తగ్గింది, బాపుది పెరిగింది. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది: లేచిన శక్తి ఒక్కోసారి చర్మం మీద కూడా పడుతుందట. అట్లా దద్దులు వచ్చినవాళ్లలో మందు పనిచేయడం తరచు చూస్తుంటారట. అందరికీ అట్లాగే అని కాదట. ఏది వచ్చినా మాత్రం దాచకూడదట. నేను తలూపాను. లోపల కాక మీద కోపం. కోపానికి అర్థం లేదని తెలిసీ కోపం.

బాపు పోయాక కాక నడివేసవిలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. అమ్మకు బీపీ గోలీలు తెచ్చిచ్చేవాడు. అమ్మ ముందు ఎప్పుడూ గోక్కోలేదు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి తట్టుకోలేక గోడ చాటుకు పోతే నేను చూశాను.

"సూడకు బిడ్డా. మీ బాపుకు రావల్సింది గూడ నాకే వచ్చినట్టున్నది. మీ ఇంట్ల గోక్కోవాలంటే సిగ్గయితది" అన్నాడు.

ఆయన బతికినందుకు సిగ్గుపడుతున్నాడు. గట్ల అనకు కాకా అంటే సరిపోయేది. నేను చాయ్ పెట్టే సాకుతో లోపలికి పోయాను. తర్వాత కూడా ఆ మాట ఎన్నడూ అనలేదు. కాకకు గడ్డ మళ్లీ లేవలేదు; మొన్న రాత్రి నిద్రలో గుండె ఆగి చనిపోయాడు.

నేను చేరేసరికి వరండాలో పడుకోబెట్టారు. అదే పొడుగు చేతుల చొక్కా. గుండీలు పెట్టే ఉన్నాయి. పక్కన కూర్చుని ఒక గుండీ మీద చెయ్యి వేశాను.

"వద్దు బిడ్డా, మీరొస్తే అవి ఇప్పేటోడు కాదు" అంది చిన్నమ్మ, కాక భార్య.

రెండు గుండీలూ విప్పాను. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాను. దద్దులు మానిన నల్లటి మచ్చల మీదుగా ఫ్యాను గాలి పోతోంది.