తౌడుకు అమ్మిన కొడుకు

మాటలతోనే మనసు బాగుచేసే డాక్టర్లున్నారని, ఒక్కసారి కూర్చొని మాట్లాడినా కొందరికి గుణం కనిపిస్తదని మొన్న మా మనవరాలు చెప్పింది. నాది మూడో తరగతి చదువు. ఆ శాస్త్రం నాకు తెలియదు. నా సంగతి మాత్రం రాస్తాను.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల్లో, నా మొదటి బిడ్డ మూడు నెలలకే జ్వరంతో పోయింది. ఏడిస్తే మళ్ళీ కడుపు నిలవదని పెద్దలు ఏడవనియ్యలేదు. తర్వాత కొడుకు పుట్టాడు. పిల్లలు పోయిన ఇంట్లో పుట్టినవాణ్ణి పక్కింటికి తౌడుకు అమ్మడం మా దిక్కు ఆనవాయితీ. మనవాడు కాదంటే చావు వాని జోలికి రాదని. మా అత్త వాణ్ణి చాటలో పెట్టి పక్కింటి అక్కకిచ్చి, సోలెడు తౌడు తీసుకుంది.

"మా పిల్లగాన్ని జర సాదు చెల్లె" అంటూ ఆ అక్క వెంటనే వాణ్ణి నా ఒడిలో పెట్టింది. అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ బేరాన్ని నిజంగానే నమ్మాను.

పాలిచ్చి తొట్టెలో వేసేదాన్ని. ముఖం చూసేదాన్ని కాదు. చూస్తే ముద్దొస్తాడు, ముద్దొస్తే పోతాడు. వాడు సరిగ్గా పాలు తాగక సన్నబడ్డాడు. మూడో నెల దగ్గరపడుతుంటే అత్త మమ్మల్ని జహీరాబాద్ దవాఖానకు తీసుకపోయింది.

పెద్ద నర్సమ్మ వాణ్ణి చూసి "రోగమేం లేదు" అంది. మందుకు తెచ్చిన సీసా కడుక్కురమ్మని అత్తను పంపింది. సూదులు మరగబెట్టే గిన్నెను స్టవ్ మీద పెట్టి నా పక్కన కూర్చుంది.

"వీనికన్న ముందు ఎవరన్న పుట్టిన్రా బిడ్డా?"

"పోయింది."

"ఎట్లుండె?"

ఆ మాట నన్నెవరూ అడగలేదు. జుట్టు ఒత్తుగా ఉండేదని, నా గాజు పట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదని చెప్పాను. జ్వరమొచ్చిన సంగతీ, ముద్దు చేస్తే వీడూ పోతాడని ముఖం చూడని సంగతీ చెప్తూ చెప్తూ ఏడ్చాను. ఆమె ఊకోమనలేదు.

"నువ్వు ముద్దు చేసినందుకు పోలే. జరమొచ్చి పోయింది. ఇగ ఈ నీళ్ళు మసిలేదాక వీని ముఖం చూడు."

"భయమైతది."

"కానియ్యి. భయపడుకుంటనే చూడు. కింద పెట్టకు."

చూశాను. గుండె దడదడ కొట్టుకుంది. పక్కన పెట్టబోతే ఆమె "ఊహూ" అంది. నీళ్ళు మసిలేసరికి ఆ దడ తగ్గింది. వాని చెవి పక్కన పుట్టుమచ్చ ఉందని అప్పుడే చూశాను.

"ఇంట్ల గూడ గిట్లనే. రోజూ ఎసరు మసిలేదాక" అంది నర్సమ్మ. అంతే. ఆమెను మళ్ళీ చూడలేదు.

తెల్లారి భయం మళ్ళీ వచ్చింది. ఎసరు పెట్టి వాణ్ణి ఒడిలో వేసుకున్నాను.

"ఎసరు ఇంకిపోతది, ముఖం జూస్కుంట కూసున్నవ్!" అని అత్త తిట్టింది. కట్టెలు దండగ చేయడం నాకూ గిట్టదు. పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగాను. ఎసరు ఇంకా నిదానంగా మసిలింది.

వాడు పాలు బాగా తాగి ఒళ్ళు చేశాక, సోలెడు తౌడు కొలిచి, వాణ్ణి ఎత్తుకొని పక్కింటికి పోయాను.

"ఏందే చెల్లె, ఉత్తుత్తి బేరానికి నిజం తౌడా?"

"నా కొడుకును నాకియ్యి అక్కా."

ఆమె నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది. తౌడు బర్రె ముందు పోసి, వాణ్ణి ఒకసారి ఎత్తుకొని నా చేతుల్లో పెట్టింది.

"తీస్కో. నీ కొడుకే."

ఆమె ఇంటి గడప దాటకముందే వాణ్ణి ముద్దు పెట్టుకున్నాను.