ఒకే గోత్రంలో ఇద్దరు

మొన్న పెత్రమాసకు, అదే మహాలయ అమావాస్యకు, కొత్తపేట రైతుబజారులో గోంగూర, బీరకాయలు, గుమ్మడికాయ ముక్క కొని గుడికి వెళుతూ, గడ్డిఅన్నారంలో పళ్ళ మార్కెట్టు ఒకప్పుడు ఉన్న చోటు దాటుతుంటే, మార్కెట్టు తరలిపోయి ఇన్నేళ్ళయినా మగ్గిన బత్తాయిల వాసన ముక్కుకు తగిలినట్టయింది, దాంతోపాటే అమ్మా చిన్నమ్మా గుర్తొచ్చారు. నా ఈడువాళ్ళకు ఆ వాసన సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

మాది కృష్ణా జిల్లా. నాన్న ఉద్యోగం వల్ల ఇక్కడికొచ్చి ఆ మార్కెట్టు వెనక సందులో కిరాయికి దిగాం. అన్నయ్య కానిస్టేబులయ్యాడు, సంబంధాలు చూస్తుండగానే అడవిలో మందుపాతరకు బలయ్యాడు. మా వెనక పోర్షన్లో నల్లగొండ వైపు కుటుంబం ఉండేది, ఇంటాయన మార్కెట్టులో బత్తాయిలు ఏరి గ్రేడు చేసేవాడు. వాళ్ళ పెద్దకొడుకు చదువు మానేసి నక్సలైట్ల దళంలో చేరి, ఆ ఏడాదే ఎన్‌కౌంటర్లో చనిపోయాడు. ఒకరి చావుతో ఒకరికి సంబంధం లేదు, అయినా ఆ తల్లీ మా అమ్మా ఒకే నల్లా దగ్గర బిందెలు పెట్టి ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. సైదాబాదులో కొత్తగా పంతులమ్మగా చేరిన నేను సాయంత్రం ఇంటికి రావాలంటేనే బెంగపడేదాన్ని.

ఇంట్లో నాన్న అన్నయ్య పేరే ఎత్తేవాడు కాదు. అమావాస్యకు తర్పణం వదలమంటే, "వాడు నాకు వదలాల్సిన నీళ్ళు నేను వాడికి వదలనా?" అని లేచి వెళ్ళిపోయాడు. ఆయన నోట కొడుకు పేరు ఒక్కసారి వినాలని అమ్మ ఎంత తపించిందో నాకు తెలుసు. ఇక చేసేది లేక, ఇక్కడివాళ్ళ పద్ధతిలోనే, పోయినవాడి పేరున బియ్యమూ కూరగాయలూ పళ్ళెంలో పెట్టుకొని నన్ను తోడు తీసుకొని గుడికి బయల్దేరింది.

గుడి మెట్ల మీద ఇసకేస్తే రాలనంత జనం. తోపులాటలో అమ్మ పక్కకే వచ్చి పడింది వెనక పోర్షనావిడ. అయ్యగారు తొందరలో ఇద్దరినీ ఒకింటివాళ్ళే అనుకొని, అమ్మ చెప్పిన గోత్రంలోనే ఇద్దరు కొడుకుల పేర్లూ చదివేసి, రెండు పళ్ళేల బియ్యమూ ఒకే బట్టలో కుమ్మరించుకున్నాడు.  ఆవిడ ఆ బియ్యం వంకే చూస్తూ, "ఒక్క తల్లి పిల్లలనే చేసిండు గదా అక్కా అయ్యగారు. కలిసిపోయినయి, ఇగ ఏరేదెట్ల?" అంది. అంతే, ఇద్దరూ మెట్ల మీద కూలబడి బావురుమన్నారు. కాసేపటికి అమ్మ కళ్ళు తుడుచుకొని, మీవాడికి ఏం కూర ఇష్టమమ్మా అని అడిగింది. ఆవిడ నాకు చిన్నమ్మ అయింది ఆనాటి నుంచే.

ఆదివారాలు మా డాబా మీద చాప పరవడం అలా మొదలైంది. ఎల్బీనగర్ నుంచి చనిపోయిన ఒక కానిస్టేబులు భార్య, నల్లగొండ పల్లెల నుంచి కొడుకుల్ని అడవిలో పోగొట్టుకున్న తల్లులు వచ్చేవారు. పోయినవాడు ఎలా బతికాడో ముందు చెప్పాలి, ఎలా పోయాడో తర్వాత. ఇది అమ్మ పెట్టిన కట్టడి. ఒకసారి ఆ కానిస్టేబులు భార్య ఒక తల్లి తెచ్చిన, తుపాకీ పట్టిన కొడుకు ఫొటో చూసి విసురుగా దిగిపోతే, చిన్నమ్మ బస్టాపు దాకా పరుగెత్తి, బతిమాలి వెనక్కి తెచ్చింది. తర్వాత అందరూ కలిసి బస్సుల్లో ఊళ్ళకు వెళ్ళి, తుపాకీ ఎవరి చేతిలో ఉన్నా ఏడ్చేది తల్లులేనని, కూర్చొని మాట్లాడుకోండని చెప్పొచ్చేవారు. ఇన్ఫార్మర్లని దళాలవాళ్ళూ, దళం మనుషులని పోలీసులూ అనేవారు. మద్దెలకు రెండు వైపులా దెబ్బలే!

నాన్న మాత్రం డాబా ఎక్కేవాడు కాదు. ఒక ఆదివారం చిన్నమ్మ భర్త పండు బత్తాయిలు తెచ్చి, కింద ఒంటరిగా కూర్చున్న నాన్న పక్కన చేరి, తన కొడుకు సైకిలు నేర్చుకుంటూ మార్కెట్టు గేటుకు గుద్దుకున్న ముచ్చట చెప్పుకుపోయాడు. విని విని నాన్న, "మా సూరిగాడు నయం, ఏకంగా కాలవలోకే తోలాడండీ" అని పకపకా నవ్వి, ఆ నవ్వులోనే వెక్కివెక్కి ఏడ్చాడు. డాబా మెట్ల మీద నిలబడిపోయిన అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో ఇప్పటికీ మరిచిపోలేను.

ఆ నలుగురూ ఇప్పుడు లేరు. డాబా ఉన్న చోట అపార్టుమెంటు లేచింది. మా ఫ్లాట్లలో ఫోన్ గ్రూపులో మాట తేడా వస్తే చాలు, లిఫ్టులో మొహాలు తిప్పుకుంటారు, కొడుకుల్ని పోగొట్టుకోకుండానే.

మొన్న గుళ్ళో ఇద్దరి పేర్లూ చెబితే కుర్ర అయ్యగారు, "ఇద్దరూ మీ అన్నలేనా అమ్మా?" అన్నాడు. అవునన్నాను, మా గోత్రమే చెప్పాను. చదవడం అయ్యాక పక్కకు చూశాను. ఎవరి పళ్ళెం వాళ్ళది, మనిషికీ మనిషికీ మధ్య చోటే చోటు. ఎవరైనా దగ్గరగా వచ్చి నిలబడితే బాగుండనిపించింది. పక్కపక్కన నిలబడితేనే గదా, అయ్యగారు పొరబడేది.