పొగ ఎటు పోయింది

నల్గొండలో డిగ్రీ చదివేటప్పుడు మాకు ఎకనామిక్స్ చెప్పిన మేడం ఏ పాఠమైనా కిటికీ దగ్గరే ముగించేవారు. పన్ను తగ్గితే ఎవరికి లాభమో, ధరలు పెరిగితే ఎవరు ఏం మానుకుంటారో చెప్పి, బయటికి చూస్తూ అడిగేవారు: "మరి గా భారం ఎవరి మీద పడ్డది?"

మా గది పక్కనే ఒక ఫంక్షన్ హాలు. కరెంటు పోతే దాని జనరేటర్ పొగంతా మా మీదికే. ఒకరి వ్యాపారం ఖర్చు ఏ సంబంధమూ లేనివాళ్ల మీద ఎట్లా పడుతుందో ఆమె చెప్తుంటే, దగ్గుతూ రాసుకున్నాం. చివరికి ఓపిక నశించి ఓనరు దగ్గరికి పోయాం. అతను పొగగొట్టం ఎత్తు పెంచాడు.

మర్నాడు గదిలో పొగ లేదు. చప్పట్లు కొట్టాం. మేడం మెడ చాచి పైకి చూశారు. వెనక డాబా మీద ఒకామె ఆరేసిన బట్టలు గబగబా తీస్తోంది.

"ఖర్చు యాడికీ పోలే. ఇల్లు మారింది, అంతే," అన్నారు.

చప్పట్లు కొట్టిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ సాయంత్రం డాబా ఆమెను వెంటబెట్టుకుని మళ్లీ పోయాం. ఈసారి ఓనరు మెకానిక్‌ను పిలిచి జనరేటర్నే బాగు చేయించాడు.

నిరుడు పానగల్‌లో పిండిగిర్ని పెట్టేముందు నేను పక్కింటి వాకిట్లో నిలబడ్డాను.

"ఏం చూస్తున్నవ్ బిడ్డా?" ఆ ఇంటి అవ్వ అడిగింది.

"గిర్ని పెడితే దుమ్ము ఎటు వస్తదో చూస్తున్న అవ్వా."

ఆమె లోపలినుంచి పీట తెచ్చి వేసింది.

"కూసో. పొద్దుగూకితే గాలి మారుతది."